బరువులెత్తే వయసిదే!

*అరవై దాటిన అమ్మానాన్నల్ని కుర్చీలో కూర్చోబెట్టి అపురూపంగా చూసుకుంటున్నాం. అదే కుర్చీలోంచి సొంతంగా లేచే బలం మాత్రం వాళ్ళ కాళ్ళలోంచి జారిపోతోంది. పోయిన ఆ బలం డెబ్భైలోనూ, తొంభైలోనూ తిరిగి వస్తుంది. అందుకు కావలసింది కండరాలకు తగినంత పని చెప్పడమే.*

అలిపిరి మెట్ల దారి. ఇంకా తెల్లవారలేదు. డెబ్భై దాటిన పెద్దావిడ ఒకరు ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతున్నారు. నడుం వంచుతారు, మోకాళ్ళు మడుస్తారు, బొట్టు పెడతారు, లేస్తారు, తర్వాతి మెట్టు మీద కాలు వేస్తారు. కొంగు నడుముకు చుట్టుకుని, పెదాల మీద గోవింద నామంతో, ఎక్కడా తొందర లేకుండా సాగిపోతున్నారు.

ఆవిడకు నాలుగు మెట్లు కింద, పిట్టగోడ మీద ఒక పెద్దాయన కూర్చుండిపోయారు. కాళ్ళకు మంచి బూట్లు, చేతికి అడుగులు లెక్కబెట్టే వాచీ. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. "రోజూ పొద్దున్నే గంట నడుస్తానండీ, వాన పడితే తప్ప మానను" అని పక్కనున్నవాళ్ళకు చెబుతున్నారు. కాసేపు సేద తీరాక లేవబోయారు. తొడలు సహకరించలేదు. మళ్ళీ ప్రయత్నించారు. చివరికి కొడుకు ఒక చెయ్యి, కోడలు ఒక చెయ్యి పట్టి లేపారు. ఆయన మొహంలో అలసట కంటే చిన్నతనమే ఎక్కువగా కనిపించింది.

ఏ రోజు వెళ్ళినా ఆ 3,550 మెట్ల దారిలో ఈ ఇద్దరూ ఏదో ఒక రూపంలో కనిపిస్తారు. అరవై దాటి, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళు కాలినడకన కొండెక్కవద్దని తిరుమల తిరుపతి దేవస్థానం సూచిస్తోంది, అది పాటించాల్సిందే. కానీ మెట్టెక్కడం, నేల మీంచి లేవడం, బియ్యం బస్తా జరపడం, బాత్రూంలో జారితే గోడ పట్టుకుని నిలదొక్కుకోవడం లాంటివి కొండ మీదే కాదు, ఇంట్లోనూ రోజూ ఉంటాయి. ఆ పెద్దాయన రోజూ నడుస్తున్నారు, అందులో అబద్ధమేమీ లేదు. ఆయన కాళ్ళకు కొరవడింది బలం. దాన్ని పెంచే పని నడక ఒక్కటే చేయలేదు.

ఈ వయసులో అవసరమా?

ఏ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఈమధ్య ఒక వీడియో ఎదురవుతోంది. చీరకట్టుతో బామ్మ డంబెల్స్ ఎత్తుతుంటుంది. తెల్లగడ్డం తాతయ్య బరువు కట్టిన ఇనుప కడ్డీని నేల మీంచి పైకి లేపుతుంటాడు. కింద సగం మంది చప్పట్లు కొడతారు. మిగతా సగం మంది "ఈ వయసులో అవసరమా? నడుం పట్టేస్తే చూసేదెవరు?" అంటారు. మర్నాడు అదే గ్రూపులో, జిమ్‌లో కుప్పకూలిన ఓ యువకుడి సీసీటీవీ దృశ్యం వస్తుంది. దాంతో ఇంట్లో నిర్ణయం అయిపోతుంది: "నాన్నా, నువ్వు నడువు చాలు. బరువులు మాత్రం ముట్టుకోకు."

ప్రేమతో చెప్పే మాటే అది. ఫలితం మాత్రం ప్రేమగా ఉండదు.

ఈ చర్చ ఇప్పుడే మొదలవడానికి కారణం ఉంది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో దేశంలో అరవై దాటినవాళ్ళు 14.9 కోట్లు. 2050 నాటికి 34.7 కోట్లు కాబోతున్నారు, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. పిల్లల్ని తక్కువగా కంటున్న దక్షిణాది ఈ దారిలో ముందుంది. 2011 లెక్కల్లోనే దేశం మొత్తమ్మీద పెద్దల వాటా 8.6 శాతం ఉంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. రాష్ట్రం ముసలిదైపోతోందని, ఎక్కువమంది పిల్లల్ని కనాలని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు అన్నప్పుడు ఊరూరా వాదనలు జరిగాయి. పుట్టబోయేవాళ్ళ గురించి అంత మాట్లాడుకున్నాం. ఇప్పటికే పెద్దవాళ్ళైనవారు తమ కాళ్ళ మీద తాము ఎన్నేళ్ళు నిలబడగలరన్నది అంతకంటే ముందు మాట్లాడుకోవాల్సిన విషయం.

కండ ఎటు పోతోంది?

ముప్ఫై దాటిన దగ్గర్నుంచి మన కండరాలు పదేళ్ళకు సుమారు మూడు నుంచి ఎనిమిది శాతం చొప్పున తగ్గుతూ వస్తాయి. అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. చాలాకాలం పాటు ఈ సంగతి మనకు తెలియదు, ఎందుకంటే పోయిన కండ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. తూకం యంత్రం మీద అంకె మారదు. "పదిహేనేళ్ళుగా నా బరువు అరవై రెండే" అని సంతోషపడే మనిషి ఒంట్లో లోపల సరుకు మారిపోయి ఉంటుంది.

కండ తగ్గే వేగం కంటే బలం తగ్గే వేగం ఎక్కువ. బలం కంటే చురుకు ఇంకా త్వరగా తగ్గుతుంది. కండరాల్లో రెండు రకాల పోగులుంటాయి. ఒక రకం నిదానంగా, ఎక్కువసేపు పనిచేస్తుంది. నిలబడటానికీ, నడవడానికీ ఇవి చాలు. రెండో రకం ఒక్కసారిగా శక్తినిస్తుంది. కుర్చీలోంచి లేవాలన్నా, కాలు జారినప్పుడు ఆ క్షణంలో రెండో కాలు ముందుకు వేసి ఆపుకోవాలన్నా ఇవే కావాలి. వయసుతో ముందుగా సన్నబడేవి ఈ రెండో రకం పోగులే. మామూలు నడకలో వీటికి పెద్దగా పని తగలదు. బరువు మీద పడినప్పుడే మేలుకుంటాయి.

ఈ క్షీణతను వైద్యులు సార్కోపీనియా అంటున్నారు. అమెరికా పోషకాహార నిపుణుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1988లో ఈ పేరు పెట్టేదాకా దీన్ని వయసుతో వచ్చే సహజ పరిణామంగానే లెక్కగట్టారు. 2016లో అమెరికా దీనికి జబ్బుల జాబితాలో ప్రత్యేకమైన కోడ్ కేటాయించింది.

మనవాళ్ళకు మరో చిక్కుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే అచ్చు వేయించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు) ఒకటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. కానీ యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఆ ఒక్క ఫొటో ప్రపంచానికి చెప్పింది. అంటే వయసు తీసుకుపోకముందే మన దగ్గర ఉన్నది కొంచెం.

షుగరు ఇంటింటి జబ్బు కావడానికీ దీనికీ సంబంధం ఉంది. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే చక్కెరకు కండరమే పెద్ద గాదె. గాదె కుంచించుకుపోతే పంట ఎక్కడ పోస్తాం? దేశంలో మధుమేహులు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. వాళ్ళకు ఎంతమంది డాక్టర్లు "తీపి తగ్గించండి, నడవండి" అన్న తర్వాత "తొడలకు బలం పెంచండి" అని కూడా చెబుతున్నారు?

---

కుర్చీ పరీక్ష: ఇంట్లోనే చేసి చూడండి

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. సీటు ఎత్తు సుమారు 17 అంగుళాలుండాలి. చేతులు రెండూ గుండెల మీద కత్తెరలా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరు తోడుండాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) ప్రకారం, ఈ అంకెల కంటే తగ్గితే పడిపోయే ముప్పు ఎక్కువ:

- 60–64 ఏళ్ళు: మగవారు 14, ఆడవారు 12
- 65–69 ఏళ్ళు: మగవారు 12, ఆడవారు 11
- 70–74 ఏళ్ళు: మగవారు 12, ఆడవారు 10
- 75–79 ఏళ్ళు: మగవారు 11, ఆడవారు 10
- 80–84 ఏళ్ళు: మగవారు 10, ఆడవారు 9

చేతుల ఊతం లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే లెక్క సున్నా. భయపడాల్సిన పని లేదు. మొదలుపెట్టాల్సింది అక్కణ్నుంచే.

---

తొంభై ఏళ్ళవాళ్ళు బరువులెత్తిన చోటు

వయసు మీరాక కండ పెరగదని వైద్యులు కూడా నమ్మిన రోజుల్లో, బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు ఒక ప్రయోగం చేశారు. ఆమె ఎంచుకున్నది ఆరోగ్యంగా తిరిగే అరవై ఏళ్ళవాళ్ళను కాదు. 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పదిమందిని. అందరూ బలహీనులే, ఒంట్లో రకరకాల జబ్బులున్నవాళ్ళే. కొందరు కర్ర లేకుండా నడవలేరు. ముగ్గురు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేరు.

వాళ్ళకిచ్చినవి తేలికపాటి కసరత్తులు కాదు. ఒక్కొక్కరూ కాలితో ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం దాకా పెట్టి, వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు తొడలకు పని చెప్పారు. 1990లో ఫలితాలు వచ్చాయి. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ మధ్యభాగంలో కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు ఏ ఆసరా లేకుండా లేచి నిలబడ్డారు.

ఆ ప్రయోగంలో ఇంకో పాఠం కూడా ఉంది. కసరత్తు ఆపేసిన నాలుగు వారాలకే సంపాదించిన బలంలోంచి 32 శాతం పోయింది. ఇది ఒక కోర్సు మందు కాదని, అన్నం తిన్నట్టు జీవితాంతం కొనసాగాల్సిన పని అని అప్పుడే తేలింది. తర్వాత 1994లో అదే బృందం సగటున 87 ఏళ్ళ వయసున్న వందమందితో మళ్ళీ చేసి చూసింది. కండరాల బలం రెట్టింపుకు మించి పెరిగింది. నడక వేగం, మెట్లెక్కే శక్తి కూడా పెరిగాయి.

డెన్మార్క్‌లో రిటైర్మెంటు వయసు దగ్గర్లో ఉన్న 450 మందికి పైగా ఒక అధ్యయనంలో పాల్గొన్నారు. ఒక జట్టు ఏడాదిపాటు పెద్ద బరువులెత్తింది. రెండో జట్టు ఒంటి బరువుతో, రబ్బరు బ్యాండ్లతో ఓ మోస్తరు కసరత్తు చేసింది. మూడో జట్టు మామూలుగా ఉండిపోయింది. నాలుగేళ్ళు గడిచాక 2024లో వెలువడిన ఫలితాల్లో, కాళ్ళ బలం తగ్గకుండా నిలిచింది పెద్ద బరువులెత్తిన జట్టుకే. అరవైల్లో ఒక ఏడాది పడిన కష్టం డెబ్భై గడప దాటేదాకా కాపాడిందన్నమాట.

రోకలి పోయింది, కుర్చీ వచ్చింది

ఒక తరం వెనక్కి వెళితే మన ఇళ్ళలో ఎవరికీ జిమ్ అక్కర్లేదు. ఆడవాళ్ళు తిరగలి తిప్పేవారు, రోట్లో పిండి రుబ్బేవారు, బావిలో నీళ్ళు చేదేవారు, నిండు బిందె చంకనెత్తుకుని వచ్చేవారు. భోజనం నేల మీద, పడక నేల మీద, వంట కూడా నేల మీదే. రోజులో ఎన్నిసార్లు గొంతుక్కూర్చుని లేచేవారో లెక్కే లేదు. ఇప్పుడు గ్రైండరు, మోటారు, డైనింగ్ టేబులు, వెస్టర్న్ టాయిలెట్, లిఫ్టు వచ్చాయి. పెళ్ళిళ్ళలోనూ బంతి భోజనం నేల మీంచి బల్ల మీదికి ఎక్కింది. ఈ సౌకర్యాలు మనకు వద్దని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ వాటితోపాటు ఒంటికి దక్కే పని పూర్తిగా పోయింది. ఆ ఖాళీని దేనితోనూ నింపలేదు.

పాత రోజుల్ని మరీ నెత్తికెత్తుకోవాల్సిన పనీ లేదు. నాట్లు వేసి, కలుపు తీసి, ఇటుకలు మోసి బతికిన ఆడవాళ్ళలో ఎంతమంది యాభైకే నడుం వంగిపోయి, మోకాళ్ళు అరిగిపోయి కనిపిస్తారు! చాకిరీకీ శిక్షణకీ తేడా ఉంది. చాకిరీలో బరువు మన చేతిలో ఉండదు, విశ్రాంతి ఉండదు, కడుపునిండా పప్పూ పాలూ ఉండవు. శిక్షణలో బరువు మన ఒంటికి తగ్గట్టు మొదలై కొద్దికొద్దిగా పెరుగుతుంది. మధ్యలో విశ్రాంతి, తర్వాత మంచి తిండి ఉంటాయి. ఒంటిని అరగదీసేది మొదటిది, కట్టేది రెండోది.

ఇక మన ప్రేమ సంగతి. కొడుకులు స్థిరపడ్డాక తల్లి పని ముట్టుకోకూడదు, తండ్రి సంచి మొయ్యకూడదు. అది మన మర్యాద. "అమ్మా, నువ్వు కూర్చో" అని అనని కోడలిని ఊళ్ళో తప్పుపడతారు. మనవడు మంచినీళ్ళు తెచ్చి చేతికిస్తాడు. పడిపోతావేమో, జారతావేమో అని మెట్లెక్కనివ్వరు. తొలి ఏడాది అది సుఖమే. మూడో ఏడాదికి ఆవిడ నిజంగానే లేవలేదు. ఆసుపత్రిలో చేరితే ఇది మరీ తొందరగా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు పదిరోజులు కదలకుండా మంచం మీద ఉంటే ఒక్క కాళ్ళలోనే సుమారు కిలో కండ కరిగిపోతుందని 2007లో ఒక అమెరికా అధ్యయనం గుర్తించింది. జ్వరం తగ్గి ఇంటికొచ్చిన పెద్దాయన గురించి "అప్పట్నుంచి మనిషి మనిషి కాలేదు" అని మనం చెప్పుకునే కథ వెనక చాలాసార్లు ఉన్నది ఈ కిలో కండే.

బలం ఎవరిది?

తెలుగునేలకు బలం కొత్త కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంక్రాంతికి సంగిడి రాళ్ళెత్తే పోటీలు జరుగుతాయి. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసిన తరాలున్నాయి. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో కలియుగ భీముడిగా దేశమంతా పేరు పొందారు. అదే నేల నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆవిడ.

అయినా బలమంటే మన మనసులో కుర్రాళ్ళ సొత్తే. ఊరి సావిట్లో సంగిడి రాయి చుట్టూ మూగిన గుంపులో యాభై దాటిన ఆడమనిషిని ఊహించుకోలేం. నిజానికి ఆ బలం అత్యవసరం ఆమెకే. ముట్లుడిగాక ఎముక వేగంగా పలచబడుతుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషనుతో ఆగదు, చాలామందికి మునుపటి నడక తిరిగి రాదు, ఏడాదిలోపే ప్రాణం పోయేవాళ్ళూ తక్కువేమీ కాదు.

ఎముకకు కావలసిన సంకేతం బరువే. ఆస్ట్రేలియాలో ముట్లుడిగి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది మహిళలతో లిఫ్ట్‌మోర్ పేరిట అధ్యయనం జరిగింది. ఒక జట్టుతో నిపుణుల పర్యవేక్షణలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్ద బరువులెత్తించారు. వాళ్ళ వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి కసరత్తు చేసినవాళ్ళకు 1.2 శాతం తగ్గింది. కాల్షియం మాత్ర వేసుకుని సోఫాలో కూర్చునే మన అమ్మలకు ఈ కబురు చేరాలి.

మొదలెక్కడ?

జిమ్ అక్కర్లేదు. కుర్చీ, గోడ, రెండు నీళ్ళ సీసాలు, ఒక చేతిసంచి చాలు.

మొదటిది గుంజీళ్ళు. చిన్నప్పుడు వినాయకుడి ముందు తీసినవే, ఇప్పుడు కుర్చీ తోడుగా. కుర్చీ ముందు నిలబడి, నెమ్మదిగా మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోవాలి, చేతులు ఆనించకుండా లేవాలి. మొదట్లో కష్టమైతే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. నెల తర్వాత దిండు తీసేయాలి. ఆ పైన చేతుల్లో బరువు పట్టుకోవాలి.

రెండోది గోడ దండీలు. గోడకు రెండు చేతులూ ఆనించి, మోచేతులు మడిచి, ఛాతీని గోడ దగ్గరకు తెచ్చి వెనక్కు నెట్టాలి. అలవాటయ్యాక గోడ బదులు వంటగది గట్టు. మూడోది మడమలెత్తడం. గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగడం పిక్కలకు మంచిది. నాలుగోది లాగడం. కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు చుట్టి రెండు చేతులతో పొట్ట వైపు లాగితే వీపు బలపడుతుంది. అయిదోది మోత. చెరో చేతిలో సమానమైన బరువున్న సంచులు పట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి హాల్లో అటూ ఇటూ నడవడం. కూరల సంచి మోయడానికి ఇంతకంటే మంచి అభ్యాసం లేదు. చివర్లో గట్టు పక్కనే నిలబడి, చేతికి అందేలా ఉంచుకుని, ఒంటికాలి మీద పది సెకన్లు నిలవాలి.

ఒక్కోటీ పదిసార్లు చేస్తే ఒక సెట్టు. రెండు సెట్లతో మొదలుపెట్టవచ్చు. అసలు గుట్టు ఇక్కడే ఉంది: పదోసారికి చేరేసరికి "ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను" అనిపించాలి. ఇంకో ఇరవై చేయగలననిపిస్తే ఆ బరువు చాలడం లేదు, పెంచాలి. ఏళ్ళ తరబడి ఒకే కిలో డంబెల్‌తో చేతులూపితే కండ పెరగదు. మొదటి కొన్ని వారాల్లో కండ లావెక్కినట్టు కనిపించదు, కానీ బలం పెరుగుతుంది. నరాలు కండరాలను పనిలోకి పిలవడం మళ్ళీ నేర్చుకుంటాయి. ఒకటి రెండు రోజులు తొడలు నొప్పిగా ఉండటం మామూలే. కీలులో సూదితో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ కసరత్తు ఆపి చూపించుకోవాలి.

బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, కూర్చునేటప్పుడు తీసుకోవాలి. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగబట్టే అవకాశమే ఉండదు.

---

వారానికి ఎంత?

65 దాటినవాళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చేసిన సూచనలు:

- నడక వంటి మోస్తరు శ్రమ: వారానికి 150 నుంచి 300 నిమిషాలు
- పెద్ద కండరాలన్నిటికీ బలాన్నిచ్చే కసరత్తు: కనీసం 2 రోజులు
- నిలకడ, బలం కలగలిసిన అభ్యాసాలు: 3 రోజులు లేదా అంతకంటే ఎక్కువ

ఒకే కండరానికి వరసగా రెండు రోజులు పని చెప్పకుండా మధ్యలో ఒక రోజు విడుపు ఇవ్వడం మేలు.

ముందు డాక్టరును అడగాల్సినవాళ్ళు: గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, షుగరు వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషను అయినవాళ్ళు లేదా ఎముక విరిగినవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు.

వెంటనే కసరత్తు ఆపాల్సిన లక్షణాలు: ఛాతీలో నొప్పి లేదా బిగుతు, కళ్ళు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, గుండె దడ.

---

మోకాళ్ళ నొప్పులున్నాయిగా!

పెద్దవాళ్ళ నుంచి వచ్చే మొదటి అభ్యంతరం ఇదే. మోకాలి కీలు అరిగినప్పుడు దాని మీద పడే భారాన్ని పంచుకోవాల్సింది తొడ కండరం. నొప్పి ఉందని కదలడం మానేస్తే తొడ సన్నబడుతుంది, భారమంతా కీలు మీదే పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే మోకీళ్ళ అరుగుదలకు ప్రపంచమంతటా వైద్య మార్గదర్శకాలు ముందుగా చెప్పేది కసరత్తే. మోకాలి మార్పిడి ఆపరేషను తప్పనివాళ్ళకు కూడా ఆపరేషను ముందూ వెనకా ఫిజియోథెరపిస్టు చేయించేది తొడల బలాన్ని పెంచే పనే. కుర్చీ ఎత్తు పెంచి, నొప్పి భరించగలిగినంత మేర కిందికి దిగుతూ మొదలుపెడితే చాలు.

గుండె గురించిన భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. ఎన్నో ఏళ్ళు కదలకుండా ఉండి ఒక్కసారిగా పెద్ద శ్రమలోకి దిగడం ప్రమాదం. నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్ళడం అలాంటిది కాదు. స్థిరంగా ఉన్న గుండె రోగులకు ఆసుపత్రులిచ్చే పునరావాస శిక్షణలోనే తగుమాత్రం బరువులు భాగం. బలహీనంగా ఉండిపోవడమే అసలు ముప్పు. మన దేశంతో సహా 17 దేశాల్లో సుమారు 1.4 లక్షల మందిని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2015లో ఒక సంగతి చెప్పింది. చేతి పిడికిలి పట్టు అయిదు కిలోలు తగ్గిన కొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది.

పడిపోవడం గురించీ గట్టి రుజువే ఉంది. వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి కొక్రేన్ సమీక్ష ప్రకారం కసరత్తు చేసే పెద్దవాళ్ళలో పడిపోవడం 23 శాతం తగ్గింది. బాత్రూంలో కడ్డీలు బిగించడం మంచి పనే. ఆ కడ్డీని పట్టుకుని నిలదొక్కుకునే చేతికి కూడా బలం కావాలి.

---

పళ్ళెంలో ప్రొటీన్

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలందరికీ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేస్తోంది. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని అంతర్జాతీయ నిపుణుల బృందాల మాట. 60 కిలోల మనిషికి అది 60–72 గ్రాములు.

- కోడిగుడ్డు ఒకటి: సుమారు 6 గ్రాములు
- గ్లాసు పాలు (200 మి.లీ.): 6–7 గ్రాములు
- కందిపప్పు 30 గ్రాములు: సుమారు 7 గ్రాములు
- వేరుసెనగలు 30 గ్రాములు: సుమారు 7 గ్రాములు
- మీల్‌మేకర్ 30 గ్రాములు: సుమారు 15 గ్రాములు
- వండిన చికెన్ 100 గ్రాములు: 25 గ్రాములకు పైనే

రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టే పెద్దవాళ్ళకు ఆ పూట ప్రొటీన్ దాదాపు అందనట్టే. మూడు పూటలా పంచుకుని తినాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా పెంచకూడదు. డబ్బాల పొడులు వద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

---

డాలస్‌లో కూతురు, గుంటూరులో అమ్మ

బలం పోయిన ఈ కథ ఎక్కువ బాధపెట్టేది పిల్లలు దూరదేశాల్లో ఉన్న ఇళ్ళలో. హాల్లో కెమెరా పెట్టించుకుని, అమెరికాలో రాత్రి పడుకునే ముందు ఫోన్లో అమ్మ కదలికలు చూసుకునే పిల్లలు వేలల్లో ఉన్నారు. అమ్మ పడిపోతే ఆ కెమెరా చూపిస్తుంది, లేపలేదు. పనిమనిషి వచ్చేదాకా నేల మీదే ఉండిపోయిన పెద్దవాళ్ళ గురించి ప్రతి కాలనీలోనూ ఒక కథ వినిపిస్తుంది. నేల మీంచి పైకి లేవడం కూడా నేర్చుకోదగ్గ విద్యే. పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, నాలుగు కాళ్ళ మీదికి వచ్చి, దగ్గర్లోని కుర్చీ పట్టుకుని ఒక మోకాలు పైకి తెచ్చి లేవడం. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండు సార్లు నేర్చుకుని, తోడుగా ఎవరైనా ఉన్నప్పుడు వారానికోసారి అభ్యాసం చేస్తే ఆ భయం సగం పోతుంది.

ప్రభుత్వాలు, మున్సిపాలిటీలు చేయగలిగింది కూడా ఉంది. నగరాల పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు వచ్చాయి, సంతోషం. అయితే చాలా పరికరాల్లో బరువు పెంచుకునే వీలుండదు, నేర్పే మనిషి ఉండడు. ఒక్క శిక్షకుడు వారానికి రెండు పొద్దులు వచ్చి నేర్పినా ఆ పార్కు మారిపోతుంది. ఊరూరా ఉన్న వాకర్స్ సంఘాలు నడక ముగిశాక పావుగంట బెంచీల దగ్గర గుంజీళ్ళు మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పింఛనుదారుల సంఘాలు, గ్రామాల్లో స్వయం సహాయక సంఘాల మహిళలు తలుచుకుంటే ఇది ఏడాదిలో ఊరి అలవాటు అవుతుంది. డాక్టర్లు కూడా మందుల చీటీ మీద "వారానికి రెండు రోజులు బలం కసరత్తు" అని ఒక్క వాక్యం రాయాలి. మనవాళ్ళు చీటీలో ఉన్నది చేస్తారు.

పిల్లలుగా మనం మార్చుకోవాల్సింది మన మర్యాదని. అమ్మ చేతిలోంచి సంచి లాక్కునే ముందు ఆగుదాం. ఆమె మోయగలిగితే మోయనిద్దాం, పక్కనే నడుద్దాం. నాన్న లేవబోతుంటే చెయ్యి అందించడానికి తొందరపడకుండా, అవసరమైతే పట్టుకునేంత దగ్గరలో నిలబడదాం. పుట్టినరోజుకు మెత్తటి వాలుకుర్చీ బదులు రబ్బరు బ్యాండ్ల కట్ట, నాలుగు డంబెల్స్, ఫిజియోథెరపిస్టుతో నాలుగు తరగతులు కానుకగా ఇద్దాం. వాళ్ళతో కలిసి మనమూ చేద్దాం. ముప్ఫై దాటిన మన ఒంట్లోనూ అదే లెక్క మొదలైంది కదా.

ప్రతి ఆదివారం ఫోన్ చేసి "తిన్నారా? మాత్రలు వేసుకున్నారా?" అని అడుగుతాం. ఈ వారం నుంచి మూడో ప్రశ్న కూడా అడుగుదాం: "ఈ వారం గుంజీళ్ళు ఎన్ని తీశారు?" జవాబు ఎంత తక్కువైనా పర్వాలేదు, వచ్చే ఆదివారానికి దానికి ఒకటి కలిస్తే చాలు.